స్కేలు పెట్టి గీసిన గీత

సొలాంజ్ పెయ్‌రా ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుంది. అన్నేళ్ళలో ఆమె రిజిస్టర్లో రబ్బరు పెట్టి చెరిపిన అంకె ఒక్కటి లేదు. తప్పు పడితే స్కేలు పెట్టి దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన తన పొడి అక్షరాలు వేసేది. కింద ఏం రాసి ఉందో ఎవరైనా చదువుకోవచ్చు. తప్పు చేసింది ఎవరో కూడా తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటివారంలో నేర్పిన పద్ధతి అది. రిటైరయ్యాక కూడా ఆ అరజానెడు ఇనప స్కేలు ఆమె చేతిసంచీలోనే, కళ్ళజోడు పక్కన, గొంతు బిళ్ళల డబ్బా పక్కన ఉండేది.

ఆ స్కేలు సంగతి వెర్నెజూ ఊరంతటికీ తెలుసు. దానికి కారణం ఎన్నికలు.

పట్నాల్లో జనం పార్టీలకు ఓటేస్తారు. మాలాంటి చిన్న ఊళ్ళలో మొన్నమొన్నటిదాకా మనుషుల్ని కొట్టేసేవాళ్ళు. వెయ్యిమంది కూడా లేని ఊరికి కౌన్సిలు ఎన్నికలంటే పదకొండు పేర్లున్న ఒక కాగితం. తెర వెనక్కి వెళ్ళి, ఆ పదకొండులో ఎవడి మొహం చూస్తే ఒళ్ళు మండుతుందో వాడి పేరు కొట్టేసి, కావాలంటే పోటీలో ఉన్న ఇంకొకరి పేరు రాసి, కవర్లో పెట్టి పెట్టెలో వెయ్యడమే. పార్టీలు లేవని కాదు. ఎవరిది కమ్యూనిస్టు ఇల్లో, ఎవరిది సోషలిస్టు ఇల్లో, ఏ ముసలావిడ గోడ మీద ఇప్పటికీ ఒకప్పుడు దేశాన్నేలిన జనరల్ గారి ఫొటో వేలాడుతోందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ మేయరు కాగితం మీద అందరూ కలిసే ఉండేవాళ్ళు. మురుగుకాలవకి పార్టీ ఏమిటి?

సాయంత్రం ఆరింటికి తలుపులు తెరిచే లెక్కపెట్టేవాళ్ళు. ఊరంతా వచ్చి బల్ల చుట్టూ నిలబడేది. గస్తోన్ అనే పాత మేస్త్రీ, పెద్ద గొంతువాడు, ఒక్కొక్క కాగితం విప్పి పేర్లు పైకి చదివేవాడు. ఓటు రహస్యం అని చట్టంలో ఉంది గాని, గీతకి రహస్యం ఎక్కడిది? వంకరటింకర గీత ఫలానా తాగుబోతుది. కాగితం చిరిగేదాకా నొక్కిన గీత ఫలానా అత్తగారిది. స్కేలు పెట్టి గీసిన గీత కనిపిస్తే చాలు, గస్తోన్ కళ్ళజోడు పైకెత్తి "పోస్టాఫీసువారు విచ్చేశారండీ" అనేవాడు. జనం ఘొల్లుమనేవాళ్ళు. కుక్కల్ని రోడ్డు మీద వదిలేసే వాడి పేరు కొట్టేసిందనో, చర్చి గంట మీద దావా వేసిన వాడి పేరు కొట్టేసిందనో అందరికీ తెలిసిపోయేది. సొలాంజ్ వెనక రేడియేటరు పక్కన నిలబడి, అదేమీ తనకి పట్టనట్టు కిటికీలోంచి చూసేది.

ఆ పదకొండు పేర్లలో మొదటిది, అంటే మేయరు కాబోయేవాడిది, ఎప్పుడూ ఆమె భర్తది. ఫెర్నాన్ పెయ్‌రా. పలకరాళ్ళతో ఇళ్ళకప్పులు వేసేవాడు. నలభై మూడో ఏట, 1983లో మేయరయ్యాడు. అప్పట్నించి ముప్పై ఒక్క ఏళ్ళు ఇంట్లో భోజనం మధ్యలో టెలిఫోను మోగని రోజు లేదు. ఆవులు కంచె దాటాయని, మంచుకి రోడ్డు మూసుకుపోయిందని, పక్కింటివాడి హేజెల్ చెట్టు కొమ్మ మా గోడ మీదికొచ్చిందని. మూడు రంగుల మేయరు పట్టీ భుజానికి అడ్డంగా వేసుకుని పెళ్ళిళ్ళు చేశాడు, చావులు రాశాడు. పారిస్‌లో కొత్త అధ్యక్షుడు వచ్చినప్పుడల్లా పాత ఫొటో దింపి కొత్తది తగిలించాడు. దింపినవాళ్ళందరినీ బీరువా వెనక, మొహం గోడకి తిప్పి పెట్టాడు. వాళ్ళు ఏ పార్టీవాళ్ళయినా సరే, అందరూ ఒకే చోట దుమ్ము పట్టి ఉండేవాళ్ళు.

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదని ముందే తెలిస్తే "రాదు" అని గుమ్మంలోనే చెప్పేవాడు. కాస్త తియ్యగా చెప్పొచ్చుగదా అని సొలాంజ్ పోరేది. తియ్యగా చెప్పినా రానిది రాదుగదా అనేవాడు. సూప్ చివర్లో పళ్ళెంలో కాస్త ఎర్ర వైను ఒంపుకుని, పళ్ళెం రెండు చేతులా ఎత్తి తాగేసి, టోపీ పెట్టుకుని మళ్ళీ బయల్దేరేవాడు.

అతనికి ఊళ్ళో చెడ్డపేరొచ్చింది ఒకే ఒక్క సంతకం వల్ల.

దేశాధ్యక్ష పదవికి పోటీ చెయ్యాలంటే ఐదువందలమంది ప్రజాప్రతినిధుల సంతకాలు ఉండాలి. పెద్దపెద్ద పార్టీలకి అది చిటికెలో పని. చిన్నవాళ్ళు మాత్రం మాలాంటి ఊళ్ళు పట్టుకుని తిరుగుతారు. ఐదేళ్ళకొకసారి, ఆ రెండు నెలలు మాత్రం, వెర్నెజూ మేయరు గారు ఎలా ఉన్నారని పారిస్ అడుగుతుంది. 2012 ఫిబ్రవరిలో మోకాలి లోతు మంచులో ఒక అమ్మాయి కారు దిగి వాళ్ళింటి తలుపు తట్టింది. ఆమె పనిచేసే అభ్యర్థి ఫెర్నాన్ జీవితమంతా ఎదిరించిన అవతలి గట్టువాడు. ఫెర్నాన్ అప్పటికి నలభై ఏళ్ళుగా వామపక్ష పార్టీ కార్డున్న మనిషి. ఆ అమ్మాయి బూట్లు తడిసి ఉన్నాయి. సొలాంజ్ సూప్ పెట్టింది. ఇంకా ఇరవై సంతకాలు తక్కువ పడ్డాయట. ఫెర్నాన్ చాలాసేపు ఆలోచించి, వాళ్ళకి ఓటేసేవాళ్ళు దేశంలో లక్షలమంది ఉన్నప్పుడు కాగితం మీద వాళ్ళ పేరే లేకుండా చెయ్యడం న్యాయం కాదన్నాడు. పోటీలో నిలబడనిస్తే ఓడించొచ్చన్నాడు. సంతకం పెట్టాడు.

సంతకాలు పెట్టినవాళ్ళలో ఐదువందల పేర్లు చీటీలు తీసి ప్రకటించేవాళ్ళు అప్పట్లో. ఫెర్నాన్ ఖర్మకి అతని పేరు పైకొచ్చింది. పేపర్లో చూసి ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. ముసలోడు పార్టీ ఫిరాయించాడని బేకరీ దగ్గర అనుకున్నారు. ఇటువైపువాళ్ళు పలకరింపు తగ్గించారు. అటువైపువాళ్ళు వచ్చి భుజం తట్టారు. ఫెర్నాన్‌కి ఈ రెండోదే ఎక్కువ బాధ కలిగించింది. సంతకం ఓటు కాదని అతను ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. విన్నవాళ్ళంతా తలూపారు, ఒక్కరూ నమ్మలేదు.

మరుసటి ఏడాది, 2013 ఆగస్టులో, చర్చి కప్పు మీద పలకలు చూడ్డానికి ఎక్కి దిగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. లిమోజ్ ఆసుపత్రిలో గుండెకి గొట్టం వేశారు. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఇక ఆ పదవి చాలించమంది. ఫెర్నాన్ ఒప్పుకున్నాడు. ఆసుపత్రి మంచం మీద సొలాంజ్ చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. వచ్చే మార్చిలో నిలబడను, రొయాన్ వెళ్ళి సముద్రం చూద్దాం అన్నాడు. ఆమె డెబ్బై ఏళ్ళకి దగ్గరపడుతోంది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సముద్రం చూసింది లేదు. పిల్లల్లేరు. అతను తప్ప ఆమెకి ఎవరూ లేరు. ఆ మాట పట్టుకుని ఆమె ఆ చలికాలమంతా సంతోషంగా గడిపింది.

ఫిబ్రవరి నెలాఖర్లో, జిల్లా అధికారి అయిన ప్రిఫెక్టు ఆఫీసుకి పేర్లు పంపే ఆఖరి వారం వచ్చేసరికి పది పేర్లే పోగయ్యాయి. మొదటి చోట పేరు రాయించుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. రెమీ వియాల్ అనే ముప్పై మూడేళ్ళ పశువుల రైతు ఒకడు విడిగా, ఒంటరిగా నిలబడ్డాడు గాని, అతనికి ఆఫీసు పని ఏం తెలుసని జనం నవ్వారు. ఫెర్నాన్ ఒక సాయంత్రం ఇంటికొచ్చి టోపీ తియ్యకుండానే చెప్పాడు.

"పేరు రాయించాను, సొలాంజ్. ఇదొక్కసారే."

ఆమె బంగాళాదుంపలు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"నాకిచ్చిన మాట?"

"ఊరికి ఎవరూ లేరే."

"నాకూ ఎవరూ లేరు" అంది సొలాంజ్.

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో అవసరమైనంతవరకే మాటలు జరిగాయి.

మార్చి ఇరవై మూడు, ఆదివారం. సొలాంజ్ ఉదయం పదింటికి వెళ్ళి ఓటేసింది. తెర వెనక కాగితం ముందు పెట్టుకుని నిలబడింది. మొదటి పేరు అతనిది. ముప్పై ఏళ్ళుగా ఆ పేరు మీద ఆమె గీత పడలేదు. వందమందిలో తన గీత ఒకటి, దానివల్ల అతనేమీ ఓడిపోడు, ఎలాగూ గెలుస్తాడు, కానీ నేను వద్దన్నానని ఒక్కచోటైనా రాసి ఉండాలి, అనుకుంది. పెన్ను తీసింది. అలవాటు పడిన చెయ్యి సంచీలోకి వెళ్ళి స్కేలు తీసింది. గీత గీసేశాక గాని ఆ సంగతి ఆమెకి తోచలేదు. అప్పటికి బయట వరసలో ఎవరో దగ్గారు. మడిచి కవర్లో పెట్టేసింది. బల్ల దగ్గర కూర్చున్న ఫెర్నాన్ పెట్టె మూత తెరిచి, అందరికీ చెప్పినట్టే "ఓటు పడింది" అని పైకి చెప్పాడు. ఆమె అతని మొహం చూడలేదు.

సాయంత్రం హాలు నిండిపోయింది. గస్తోన్ చదవడం మొదలుపెట్టాడు. పది కాగితాలయ్యేసరికి నవ్వులు తగ్గాయి. ఫెర్నాన్ పేరు మీద గీత, గీత, మళ్ళీ గీత. కొన్నిటి మీద కింద రెమీ పేరు రాసి ఉంది. కొన్నిటి మీద ఏమీ లేదు, ఉత్త గీతే. ఫెర్నాన్‌ని ఉంచి, ఇంకొకరి పేరు కొట్టేసి రెమీని రాసినవి కూడా కొన్ని ఉన్నాయి. తర్వాత ఒక కాగితం విప్పి గస్తోన్ ఆగిపోయాడు. కళ్ళజోడు పైకెత్తలేదు. పోస్టాఫీసు మాట ఎత్తలేదు. గొంతు సవరించుకుని, ఫెర్నాన్ పేరు వదిలేసి, మిగతా పది పేర్లూ మామూలుగా చదివాడు. ఆ హాస్యం ఆడకపోవడంతోనే సొలాంజ్‌కి తెలిసింది అది తన కాగితమని. గస్తోన్ వెనకే, అతని భుజం మీదుగా చూస్తూ ఫెర్నాన్ నిలబడి ఉన్నాడు.

అధ్యక్షత వహించినవాడే ఫలితాలు చదవాలి. ఫెర్నాన్ ముందుకొచ్చి చదివాడు. చెల్లిన ఓట్లు తొంభై ఒకటి. పదిమంది పేర్లు, వాళ్ళ ఓట్లు, ఎన్నికయ్యారు. రెమీ వియాల్, నలభై ఆరు, ఎన్నికయ్యారు. ఫెర్నాన్ పెయ్‌రా, నలభై ఐదు. అక్కడ కాస్త ఆగి, "ఎన్నిక కాలేదు" అన్నాడు.

ఇద్దరికీ సమానంగా వస్తే వయసులో పెద్దవాడు గెలుస్తాడని చట్టం. ఫెర్నాన్‌కి డెబ్బై మూడు. నలభై ఆరు వచ్చి ఉంటే చాలు. హాల్లో ప్రతివాడూ ఆ లెక్క వేళ్ళ మీద వేసుకున్నాడు. సొలాంజ్‌కి వేళ్ళు అక్కర్లేకపోయింది.

లెక్క అయ్యాక చెల్లిన కాగితాలన్నీ జనం ఎదుటే కాల్చెయ్యాలి. ఆ హాల్లో పాతకాలపు ఇనప పొయ్యి ఉంది. ఫెర్నాన్ ముప్పై ఏళ్ళుగా చేసినట్టే ఆ సాయంత్రం కూడా మోకాళ్ళ మీద వంగి, గుప్పిళ్ళతో కాగితాలు పొయ్యిలో వేశాడు. ఏ ఒక్కదాని కోసమూ వెతకలేదు. తర్వాత రెమీతో చెయ్యి కలిపి, బీరువా తాళాలు ఎక్కడుంటాయో చెప్పాడు. దారిలో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ఇంటిదగ్గరికి వచ్చాక సూప్ మిగిలిందా అని అడిగాడు. మిగిలిందని ఆమె చెప్పింది. ఆ సాయంత్రం వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాటలు అవే.

ఆ వారం రోజుల్లో, మేం మాత్రం మీకే వేశామని ఫెర్నాన్ దగ్గరికొచ్చి చెప్పినవాళ్ళని లెక్కేస్తే ఊళ్ళో ఓటర్లకంటే ఎక్కువ తేలతారు. నిజం చెప్పాలంటే అతణ్ణి దింపాలని అనుకున్నవాళ్ళు పదిమంది కూడా ఉండరు. మిగతావాళ్ళు ఆ సంతకానికి చిన్న చురక పెడదామనుకున్నారు. ఎలాగూ గెలుస్తాడు, నాదొక్క గీతేగా, అనుకున్నారు. ఒకే ఊళ్ళో ముప్పైమందికి పైగా విడివిడిగా అదే మాట అనుకున్నారు. అందులో ఒకరు అతని భార్య.

ఆమె కోరుకున్నది ఆమెకి దక్కింది. అతను ఇంట్లోనే ఉన్నాడు, ఉదయం నుంచి రాత్రిదాకా. టెలిఫోను మోగితే లేచి, అది తనకి కాదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేవాడు. వీధిదీపం ఆరిపోతే కిటికీలోంచి చూసి ఊరుకునేవాడు. సూప్ చివర్లో వైను ఒంపుకోవడం మానేశాడు. ఎందుకని ఆమె అడిగితే ఇప్పుడు వెళ్ళాల్సిన తొందరేముంది అన్నాడు. రొయాన్ కూడా వెళ్ళారు, మాట ప్రకారం. సముద్రం ఒడ్డున నాలుగు రోజులున్నారు. ఆమె నీళ్ళు చూసింది. అతను ఒడ్డు వెంబడి నడుస్తూ మురుగుకాలవల ఇనప మూతలు చూశాడు, ఎంత బాగా బిగించారో అని. ఆమెకి ఏడుపొచ్చింది. గాలికి కళ్ళు మండుతున్నాయని చెప్పింది.

నాలుగేళ్ళు ఆ గీత గురించి ఇద్దరూ నోరెత్తలేదు. అతను అడిగి ఉంటే బాగుండేది. అరిచి ఉంటే ఇంకా బాగుండేది. బట్టలు ఆరేస్తున్నా, మంచం సర్దుతున్నా ఆమెకి గస్తోన్ గొంతు సవరించుకున్న చప్పుడే వినపడేది. 2018 అక్టోబరులో ఫెర్నాన్‌కి మెట్లెక్కడం కూడా కష్టమైంది. మంచం వంటగదిలోకి దింపారు. ఒక మధ్యాహ్నం అతను కూర్చుని వేయించిన చెస్ట్‌నట్లు ఒలుస్తున్నాడు. ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఆ కాగితం నాదే, ఫెర్నాన్. నీ పేరు కొట్టేసింది నేనే."

అతను ఒలుస్తున్న కాయ పూర్తిగా ఒలిచాడు.

"తెలుసు. నీ గీత నాకు తెలీదా?"

"ఒక్క ఓటుతో పోయావు. నా ఓటుతో."

"నీ ఓటుతో కాదు, నా ఓటుతో" అన్నాడు ఫెర్నాన్. "నా పేరు నేనెప్పుడూ కొట్టేసుకుంటాను. మొదటిసారి నిలబడ్డప్పట్నించీ, ప్రతిసారీ. తనకి తానే ఓటేసుకోవడం సిగ్గుమాలిన పని అనేవాడు మా నాన్న. ఆ పూట కూడా కొట్టేశాను. కొట్టెయ్యకపోతే గెలిచేవాణ్ణి. ఇంతకాలం ఇది మోస్తూ కూర్చున్నావా, పిచ్చిదానా?"

ఒలిచిన కాయ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నాలుగేళ్ళ తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. అతను చెప్పాడంటే నిజమే. ఆ మనిషికి అబద్ధం చెప్పడం రాదు. మూడు వారాల తర్వాత, నవంబరులో, ఒక ఉదయం అతను లేవలేదు. ఆమె దుఃఖం ఆమెకుంది. కానీ ఆ దుఃఖంలో తప్పు కలిసిలేదు. అలా ఏడేళ్ళు బతికింది.

మొన్న జనవరిలో రెమీ ఆమె ఇంటికొచ్చాడు. ఇప్పుడతను మేయరు, నలభై ఐదేళ్ళవాడు, జుట్టు పలచబడింది. కూర్చుని కాఫీ తాగి, చట్టం మారిందని చెప్పాడు. చిన్న ఊళ్ళకి కూడా ఇక జాబితా పద్ధతేనట. ఒక ఆడ, ఒక మగ, మళ్ళీ ఒక ఆడ, అలా వరసగా పేర్లుండాలట. ఒక ఆడపేరు తక్కువైందట.

"నాకు ఎనభై ఒకటి, రెమీ. నీకు ఆడవాళ్ళే దొరకలేదా?"

"దొరకలేదు, మదామ్. చివర్లో పెడతాను. మీరేమీ చెయ్యక్కర్లేదు, మీటింగులకి వచ్చి కూర్చుంటే చాలు. జాబితా ఒక్కటే, పోటీ కూడా లేదు. పైగా ఇప్పుడు పేర్లు కొట్టెయ్యడం కుదరదు. ఒక్క గీత పడినా కాగితం చెల్లదు."

"అంటే నన్నెవరూ కొట్టెయ్యలేరన్నమాట" అంది సొలాంజ్, నవ్వుతూ.

ఫెర్నాన్ తిరిగిన హాలు. అతని కుర్చీల్లో ఒకటి. ఒప్పుకుంది.

వారం తర్వాత ఫారం మీద సంతకం పెట్టడానికి మేయరు ఆఫీసుకి వెళ్ళింది. వారానికి రెండు పూటలు వచ్చే గుమస్తా క్లోతీల్డ్ ఆమె గుర్తింపు కార్డు తీసుకుని నకలు తియ్యడానికి పక్కగదిలోకి వెళ్ళింది. బల్ల మీద పాత రిజిస్టర్లు దొంతరగా ఉన్నాయి, జిల్లా దస్తావేజుల భాండాగారానికి పంపడానికి తీసినవి. అన్నీ ఎన్నికల ఫలితాలే. సొలాంజ్ కళ్ళజోడు పెట్టుకుని 1989 వెతికి తీసింది. ఆ ఏడు మార్చిలో ఆమె ఊళ్ళో లేదు. లిమోజ్‌లో అమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. ఎన్నిక అయిన మర్నాడే అమ్మ పోయింది. ఆ వారం ఎవరికెన్ని వచ్చాయని ఆమె అడగలేదు, ఫెర్నాన్ చెప్పలేదు. అన్ని ఎన్నికల్లోకీ ఆమెకి తెలియని లెక్క అదొక్కటే. ఊరికే, అతని చేతిరాత చూసుకుందామని తెరిచింది.

చెల్లిన ఓట్లు: తొంభై ఆరు. ఫెర్నాన్ పెయ్‌రా: తొంభై ఆరు.

మళ్ళీ చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది. పక్క పేజీలో ఓటేసినవాళ్ళ పట్టీ ఉంది, అందులో మొదటి సంతకం ఫెర్నాన్‌దే. చెల్లని కాగితాలు: సున్నా. తొంభై ఆరుగురు ఓటేశారు, వాళ్ళలో అతనొకడు. తొంభై ఆరు కాగితాల మీదా అతని పేరు కొట్టెయ్యకుండా ఉంది. తన పేరుకి తాను ఓటేసుకున్నాడు, అందరు మనుషుల్లాగే. ప్రతిసారీ కొట్టేసుకోవడం, సిగ్గు, వాళ్ళ నాన్న చెప్పిన మాట, అంతా ఆ చెస్ట్‌నట్ ఒలుస్తూ అప్పటికప్పుడు అల్లింది. జీవితంలో మొదటిసారి అబద్ధమాడి, అది అతికిందో లేదో చూసుకోవడానికి మూడు వారాలు బతికాడు.

అంటే ఆ ఒక్క ఓటూ ఆమెదే. మొదట్నించీ ఆమెదే.

రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. అతను బతికి ఉంటే ఇంటికెళ్ళి కడిగేసేది. చెంప మీద కొట్టేది, తర్వాత ఆ చెంపే పట్టుకుని ఏడ్చేది. క్లోతీల్డ్ తిరిగొచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. సొలాంజ్ రిజిస్టరు మూసి, దొంతరలో దాని చోట దాన్ని పెట్టింది.

"చెల్లని కాగితాల్ని ఏం చేస్తారు, క్లోతీల్డ్? అవి కూడా పొయ్యిలోకేనా?"

"కాదు, మదామ్. చెల్లినవే కాలుస్తాం. చెల్లనివాటి మీద బల్ల దగ్గరున్నవాళ్ళం సంతకాలు పెట్టి, నివేదికకి జతచేసి గెరే పట్నంలో ప్రిఫెక్టు ఆఫీసుకి పంపిస్తాం. అవి అలాగే ఉంటాయి."

సొలాంజ్ ఫారం మీద సంతకం పెట్టింది.

మార్చి పదిహేను ఆదివారం. ఆరింటికి హాల్లో ముప్పైమంది కూడా లేరు. పోటీ లేని ఎన్నికకి ఎవరొస్తారు? గస్తోన్ పోయి ఆరేళ్ళయింది. రెమీయే కాగితాలు విప్పుతున్నాడు. ఇప్పుడు చదవడానికి కూడా పెద్దగా ఏమీ లేదు. అన్నీ ఒకటే జాబితా, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. సొలాంజ్ వెనక రేడియేటరు పక్కన నిలబడి ఉంది. నలభై కాగితాల తర్వాత రెమీ చెయ్యి ఆగింది.

పదకొండు పేర్లలో చివరి పేరు మీద, ఈ చివర్నించి ఆ చివరికి, స్కేలు పెట్టి గీసిన గీత. కింద సొలాంజ్ పెయ్‌రా అన్న అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గీత పక్కన, మార్జిన్లో, చిన్నగా రెండు పొడి అక్షరాలు. ఎస్. పి.

ఆ గీత ఎవరిదో హాల్లో సగంమందికి తెలుసు. ఎవరూ నవ్వలేదు. రెమీ తలెత్తి రేడియేటరు వైపు చూశాడు. పైకి "చెల్లదు" అని మాత్రం అని, కాగితం పక్కన పెట్టాడు. జాబితా ఎలాగూ గెలిచింది, అందులో ఆమె కూడా గెలిచింది. బల్ల దగ్గరున్న నలుగురూ ఆ కాగితం మీద సంతకాలు పెట్టారు. క్లోతీల్డ్ దాన్ని నివేదికకి పిన్ను కొట్టింది. మిగతావన్నీ రెమీ పొయ్యిలో వేశాడు.

జనం వెళ్ళిపోయాక అతను సొలాంజ్ కోటు అందిస్తూ నెమ్మదిగా అడిగాడు.

"మీ పేరు మీరే ఎందుకు కొట్టేసుకున్నారు, మదామ్?"

సొలాంజ్ సంచీ తెరిచి, స్కేలు కళ్ళజోడు పక్కన సర్దుకుంది.

"తప్పు పడితే అలాగే చెయ్యాలి, నాయనా. పోస్టాఫీసులో మాకు అలాగే నేర్పారు."